పెట్టెలో దొర్లిన కాయ

మా బళ్లో ఎనిమిదో తరగతి పిల్లలందరి ఇళ్లూ ఏటా తగలబడేవి. నిజంగా కాదు, ఇంగ్లీషు వ్యాసంలో. "మరపురాని రోజు" అన్నా ఇల్లు తగలబడేది. "నా ప్రాణస్నేహితుడు" అంటే ఆ స్నేహితుడి ఇల్లు తగలబడేది. "సెలవుల్లో నేను చేసిన ప్రయాణం" అంటే ఊరికి తిరిగొచ్చేసరికి ఇల్లు బూడిదై ఉండేది. ఆ మంటలన్నిటికీ అగ్గిపుల్ల గీసింది మా హెడ్మాస్టరు రందికి గారు. తాను కుర్రాడిగా ఉన్నప్పుడు పరీక్షలో రాసి, పైబడిలో, అంటే హైస్కూల్లో, సీటు సంపాదించిన వ్యాసం అది. దాన్ని నల్లబల్ల మీద రాసి, ఒక్కో వాక్యాన్నీ బెత్తంతో తడుతూ తరగతి చేత వల్లె వేయించేవారు. "ఆనాటి ఉదయం సూర్యుడు బంగారు నాణెంలా తూర్పున మెరిశాడు. పక్షులు తీయని రాగాలు తీశాయి. విధి నాకోసం ఏమి దాచిందో నేనెరుగను." నేను పక్క గదిలో లెక్కలు చెప్పేదాన్ని. ఆ బంగారు నాణెం ఏళ్ల తరబడి నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

నేను ఉగెన్యాలో పుట్టి ఈ సరస్సు ఒడ్డుకి కోడలిగా వచ్చాను. ఇక్కడ కోడళ్లని పుట్టినూరి పేరు పెట్టి పిలుస్తారు కనక, చేపలమ్మే ఆడవాళ్ల దగ్గర్నుంచి హెడ్మాస్టరు దాకా అందరికీ నేను న్యార్ ఉగెన్యానే, అంటే ఉగెన్యా ఆడపిల్లని. నోరు కాస్త పెద్దదని పేరు కూడా ఉంది. ఆ పేరు ఊరికే రాలేదు.

ఆ ఏడు ఇంగ్లీషు చెప్పడానికి ట్రుఫీనా అనే కొత్త టీచరు వచ్చింది. సన్నగా, పొడుగ్గా, గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉండేది. మాట మాత్రం ఎగిరిపోయే రకం కాదు. వచ్చిన వారానికే స్టాఫ్ రూములో రందికి గారితో తగువు పెట్టుకుంది.

"సార్, ఈ పిల్లల్లో ఒక్కళ్ల ఇల్లయినా ఎప్పుడైనా కాలిందా?"

"కాలక్కర్లేదు. మార్కులొస్తే చాలు."

"వాళ్లు చూసింది వాళ్ల మాటల్లో రాయడం నేర్పుతాను. నేర్చుకుంటారు. మీరు కాస్త అడ్డు రాకుండా ఉంటే చాలు."

రందికి గారు టీ గ్లాసు కింద పెట్టారు. "అమ్మా ట్రుఫీనా, పేపరు దిద్దేవాడు మన ఊరు చూడ్డానికి రావట్లేదు. వాడి ముందు కట్టలు కట్టలు ఉంటాయి. అలవాటైన మాట కనిపిస్తే టిక్కు పెట్టి పోతాడు. కొత్తది కనిపిస్తే ఆగుతాడు. ఆగినవాడు ఆలోచిస్తాడు. ఆలోచించాడంటే మార్కులు కోస్తాడు."

"అందరి ఇళ్లూ ఒకేలా కాలిపోతే అనుమానం రాదా?"

"దేశమంతా ఇలాగే కాలిపోతోంది తల్లీ. ఏ బడిలో చూసినా ఇదే మంట. ఎవరికొస్తుంది అనుమానం?"

నాకు నవ్వాగలేదు. ఆయన నావైపు గుర్రుగా చూశారు. అయినా ఆ పిల్లకి ఒక ఏడాది గడువిచ్చారు, ఎందుకంటే ఇంగ్లీషు చెప్పేవాళ్లు మా ఒడ్డుకి దొరకరు.

ఆ తరగతిలో ఒకుము, అవీనో అని అన్నాచెల్లెళ్లు ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు. అన్నకి పోయినేడు మార్కులు చాలక, వాళ్లమ్మ సిప్రోసా మళ్లీ అదే తరగతిలో కూర్చోబెట్టింది. మా దగ్గర అది మామూలే. గడ్డం మొలిచేదాకా ఎనిమిదో తరగతి చదివినవాళ్లు ఉన్నారు. సిప్రోసా ఒడ్డున ఒమెనా ఎండబెట్టి అమ్ముతుంది. వేలెడంత లేని ఆ చేపల్ని వలల మీద పరిచి, తిప్పి, ఆరబెట్టడంలోనే ఆమె రోజంతా గడుస్తుంది. మొగుడు లేడు. ఒకరోజు నేను చేపలు కొనడానికి వెళ్తే నాతో తెగేసి చెప్పింది.

"న్యార్ ఉగెన్యా, నువ్వు విని మీ టీచర్లందరికీ చెప్పు. ఇద్దరికీ ఇదే ఆఖరు. పైబడి నుంచి పిలుపొస్తే నా మేకలు అమ్మైనా పంపిస్తా. రాలేదా, వాడు వాళ్ల బాబాయి పడవెక్కుతాడు, ఇది నా పక్కన కూర్చుని ఒమెనా తిప్పుతుంది. మళ్లీ కూర్చోబెట్టే ఓపిక నాకు లేదు."

"అవీనోకి తప్పకుండా వస్తుందమ్మా. లెక్కల్లో దానికి తిరుగులేదు."

"లెక్కలు సరే. ఆ వ్యాసమే కదా వీణ్ణి ముంచింది."

వీణ్ణి ముంచింది అన్న మాట ఆమె నోట ఎలా వచ్చిందో నాకు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

ట్రుఫీనా పద్ధతి మొదట్లో నాకు పిల్లాటలా అనిపించింది. పిల్లల్ని ఒడ్డుకి తీసుకెళ్లి, కళ్లు మూయించి, "ఏం వినిపిస్తోంది? ఏం వాసన?" అని అడిగేది. "మీ అమ్మ చేతి గురించి నాలుగు వాక్యాలు రాయండి" అనేది. ఒకుము లేచి తాను రాసింది చదివాడు. "ఆనాటి ఉదయం సూర్యుడు బంగారు నాణెంలా..." తరగతి గొల్లుమంది. వాడూ నవ్వాడు. "నా తప్పు కాదు టీచర్, పెన్ను పట్టుకుంటే సూర్యుడు అదే వచ్చేస్తున్నాడు" అన్నాడు. నేను కిటికీ ఇవతల నవ్వుకున్నాను. కొన్ని వారాలకి వాడే ఇలా రాశాడు. "మా అమ్మ చెయ్యి వాసన చూస్తే ఆ రోజు ఏ చేప పడిందో చెప్పొచ్చు. ఆదివారం మాత్రం సబ్బు వాసన. నాకు ఆదివారం చెయ్యి నచ్చదు, అది వేరేవాళ్ల చెయ్యిలా ఉంటుంది." ట్రుఫీనా ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. నాకు వ్యాసాలంటే గిట్టదు. కానీ ఆ సబ్బు చెయ్యి నాకు నచ్చింది.

జూన్ నెలలో ఒక శనివారం ఒకుము బాబాయితో పడవ మీద వెళ్లాడు. పొద్దున సరస్సు ప్రశాంతంగానే ఉందట. మధ్యాహ్నం గాలి లేచి పడవ తిరగబడింది. బాబాయి తెడ్డు పట్టుకుని ఒడ్డుకి చేరాడు. పిల్లాడు చేరలేదు. ఊళ్లో ఉన్న పడవలన్నీ వెతికాయి, వలలు వేసి దేవారు. సోమవారం అవీనో తరగతి మొత్తం బళ్లోంచి వచ్చి ఒడ్డున నిలబడింది, ఇంటికి పొమ్మంటే ఒక్కళ్లూ కదల్లేదు. సరస్సు వాణ్ణి తిరిగివ్వలేదు.

నీళ్లు తీసుకుని తిరిగివ్వని మనిషికి మావాళ్లు యాగో కాయని పాతిపెడతారు. మూరెడు పొడవుండే కాయ, ఎత్తితే పసిపిల్లంత బరువు. ఏమీ పెట్టకుండా గొయ్యి పూడిస్తే ఆ మనిషి ఇల్లు దొరక్క తిరుగుతూనే ఉంటాడని భయం. సిప్రోసా ఆ కాయకి కొడుకు బడి స్వెటరు తొడిగింది. చేతులు వేలాడిపోతుంటే వెనక్కి మడిచి కట్టింది. వడ్రంగి పెట్టెని చిన్నగా చేస్తానంటే పిల్లల తాత ఒప్పుకోలేదు. "వాడి ఎత్తుకే చెయ్యి" అన్నాడు. అలాగే చేశాడు. తీరా మోసుకెళ్తుంటే అంత పొడుగు పెట్టెలో కాయ దొర్లడం మొదలుపెట్టింది. అడుగు అడుగుకీ ఇటు కొట్టుకుని అటు కొట్టుకుని ధన్, ధన్ అని చప్పుడు. యూనిఫాంలో వరసగా నడుస్తూ పాట పాడుతున్న పిల్లలు పాట ఆపేశారు. అప్పుడు తాత కర్ర అడ్డం పెట్టి అందర్నీ ఆపాడు. పెట్టె దింపించి మూత తెరిపించాడు. ఒకుము దుప్పటి తెప్పించి, కాయ చుట్టూ సందులు లేకుండా కూరాడు. "వాడికి చలెక్కువ" అన్నాడు. ఆ తర్వాత చప్పుడు లేదు.

ఆ రోజు నుంచి అవీనో రాయడం మానేసింది. లెక్కలు చేసేది, సైన్సు రాసేది. వ్యాసం అనగానే కాగితం మీద పేరు రాసి పెన్ను పక్కన పెట్టేసేది. నేను ట్రుఫీనాని కేకలేశాను.

"నవంబరులో పరీక్ష. దాని తల్లి ఏమందో నీకు చెప్పాను. కనీసం ఆ కాలిపోయే ఇల్లయినా రాయించు. అది దానికి నోటికొచ్చు."

"రాయిస్తే రాస్తుంది న్యార్ ఉగెన్యా. ఆ పిల్ల చెప్పినమాట వినే పిల్ల. కానీ లోపల ఇది పెట్టుకుని పైన అది రాస్తే, ఇక జన్మలో ఇది బయటికి రాదు."

"జన్మ సంగతి తర్వాత. ముందు సీటు."

 ట్రుఫీనా బలవంతం మాత్రం పెట్టలేదు. మిగతా పిల్లలు తమంతట తాము ఒకుము గురించి రాసి తెచ్చిస్తుంటే తీసుకునేది. "పరీక్ష కోసం కాదు, మీకోసం రాసుకోండి. పక్కవాడు ఏం రాశాడో చూడకండి" అనేది. ఒక్కోడు ఒక్కోలా రాశాడు కానీ అందరి కాగితాల్లోనూ కాయ దొర్లింది, అందరి కాగితాల్లోనూ తాత దుప్పటి కూరాడు. అవి ఎందుకు ఉండవు? అందరూ అక్కడే ఉన్నారు కదా.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం అవీనో లేచి నిలబడి తాను రాసింది చదివింది. గొంతు ఎంత సన్నగా ఉందంటే నేను నా తరగతిని నోరు మూసుకోమని కిటికీ దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. "మా అన్నని పాతిపెట్టిన చోట మా అన్న లేడు. అది నాకు తెలుసు, అమ్మకి తెలుసు, తాతకి తెలుసు. అయినా వాన పడితే అమ్మ లేచి అటే చూస్తుంది. నేను సరస్సు వైపు చూస్తాను. మేమిద్దరం ఒకరి వీపు ఒకరికి ఆనించి కూర్చుంటాం." ఇంకా ఉంది. అదంతా నేనిక్కడ చెప్పలేను. గోడకి తలానించి ఏడ్చాను. ఈ పిల్ల గట్టెక్కినట్టే అనుకున్నాను, ఆ మాట పైకి కూడా అన్నాను.

నవంబరులో వ్యాసం పేపరులో ఈసారి మొదటి వాక్యం వాళ్లే ఇచ్చి మిగతా కథ రాయమన్నారు. ఆ వాక్యం ఇది: "ఆ మధ్యాహ్నం జనమంతా మాట్లాడకుండా నిలబడి ఉన్నారు."

పిల్లలు గదిలోంచి బయటికొచ్చిన తీరు నేను మర్చిపోను. ఎవరూ గోల చెయ్యలేదు. ట్రుఫీనా చుట్టూ చేరి, "మన ఒకుమే వచ్చాడు టీచర్" అన్నాడొకడు. "నేనూ అదే రాశా." "నేనూ." "ఇంకేం రాస్తాం, అదే కదా." అవీనో ఆఖర్న వచ్చింది. "దుప్పటి దగ్గర ఆపేశాను టీచర్. ఆ తర్వాత రాస్తే ఎక్కువైపోతుందనిపించింది" అంది. ట్రుఫీనా ఆ పిల్ల తల మీద చెయ్యేసి అలాగే నిలబడిపోయింది. ఆ సాయంత్రం మేమిద్దరం నిజంగా సంతోషంగా ఉన్నాం. నేను ఇంటికెళ్లి మంచి తిలాపియా చేప పులుసు పెట్టుకుని తిన్నాను కూడా.

డిసెంబరు ఆఖర్లో ఫలితాలొచ్చాయి. మా బడి పిల్లల పేర్లున్నాయి, మార్కులుండాల్సిన చోట ఒక గీత ఉంది. అందరికీ గీతే. కారణం అడిగితే, పిల్లలు కూడబలుక్కుని రాశారనీ, ఫలితాలు రద్దు చేశామనీ అన్నారు.

రందికి గారు, ట్రుఫీనా, నేను పట్నంలో విద్యాశాఖ ఆఫీసుకి వెళ్లాం. అక్కడి అధికారి చెడ్డవాడేం కాదు. మర్యాదస్తుడు. కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. ఎక్కడో కొండ ప్రాంతం మనిషి, సరస్సుని బస్సులోంచి తప్ప చూసినట్టు లేడు.

"ఆ వ్యాసం మీలో ఎవరు తయారుచేసి వల్లె వేయించారు?" అని అడిగాడు.

"ఎవరూ వేయించలేదు సార్. జరిగింది రాశారు" అంది ట్రుఫీనా.

"అందరి పేపర్లలోనూ ఒకే అబ్బాయి. అందరి పేపర్లలోనూ శవానికి బదులు కాయ. ఆ కాయకి స్వెటరు. అది పెట్టెలో దొర్లడం. ముసలాయన దుప్పటి. అమ్మా, ఇల్లు కాలడం లాంటిదైతే నేను నమ్ముతాను. అది ఎవరికైనా తోస్తుంది, దేశంలో సగం మంది రాస్తారు. ఇంత విచిత్రమైనది అంతమంది పిల్లలకి ఒకేసారి తోస్తుందా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "తోచలేదయ్యా, చూశారు. కళ్లతో చూశారు. నేనూ చూశాను. కావాలంటే మా ఊరొచ్చి ఆ గొయ్యి తవ్వుకో."

రందికి గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. అధికారి కోప్పడలేదు. "అయితే ఒక పని చెయ్యండి. అబ్బాయి చనిపోయినట్టు ధ్రువపత్రం పట్టుకురండి. నేను పైకి రాస్తాను."

 శవం దొరకనివాడికి ఆ పత్రం ఎవరిస్తారు? ఏళ్లు గడవాలి, కోర్టుకి పోవాలి. ఊరి పెద్ద రాసిచ్చిన కాగితం ముందు పెడితే, ఆయన చదివి మడతపెట్టి మాకే తిరిగిచ్చాడు. తన దగ్గరున్న జాబితా తీసి వేలితో చూపించాడు. పిల్లాడు మునగకముందే, జనవరిలో పరీక్షకి పేర్లు పంపినప్పుడు ఒకుము పేరు కూడా పంపాం. దాని ఎదురుగా "గైర్హాజరు" అని రాసి ఉంది.

"మా లెక్క ప్రకారం ఈ అబ్బాయి బతికే ఉన్నాడమ్మా. పరీక్షకి రాలేదు, అంతే" అన్నాడు.

తిరుగు బస్సెక్కాం. రందికి గారి మీద నాకెప్పుడూ చిరాకే, కానీ ఆయన గెలిచానన్నట్టు మాట్లాడతారేమో అని ఎదురుచూశాను, అదీ చెయ్యలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "నా ఇల్లు తగలబెట్టి ఉంటే పిల్లలందరూ గట్టెక్కేవాళ్లు ట్రుఫీనా" అన్నారు. దెప్పిపొడుపు కాదది. నిజంగా బాధపడ్డారు. ఆ పిల్ల చేతుల్లో మొహం పెట్టుకుంది. ఆమె తప్పు లేదని నేను దారి పొడుగునా చెబుతూనే ఉన్నాను. విన్నదో లేదో తెలియదు.

మిగతా తల్లిదండ్రుల్లో చాలామంది తిట్టి, శాపనార్థాలు పెట్టి, చివరికి పిల్లల్ని మళ్లీ అదే తరగతిలో కూర్చోబెట్టడానికి ఒప్పుకున్నారు. సిప్రోసా తిట్టలేదు. మేం వెళ్లేసరికి వలల మీద ఒమెనా తిప్పుతోంది. ట్రుఫీనా ఆమె ముందు ఇసకలో మోకాళ్ల మీద కూర్చుంది.

"ఒక్క ఏడాది అమ్మా. వచ్చే నవంబరుకి మళ్లీ రాయిద్దాం. అన్నీ నేను చూసుకుంటాను."

సిప్రోసా చెయ్యి ఆపలేదు. "పోయినేడు మీ హెడ్మాస్టరూ ఇదే అన్నాడు. ఒక్క ఏడాది, ఒకుముని మళ్లీ కూర్చోబెట్టు అన్నాడు. కూర్చోబెట్టకపోతే వాడు అప్పుడే కిసుములో మా అన్న దగ్గర వెల్డింగు నేర్చుకోడానికి పోయేవాడు. ఆ శనివారం ఇక్కడ ఉండేవాడు కాదు." ఇంకో వరస తిప్పి మళ్లీ అంది. "ఒకణ్ణి మళ్లీ కూర్చోబెట్టాను. చాలు టీచరమ్మా, వెళ్లండి."

నేను ట్రుఫీనాని జబ్బ పట్టుకుని ఇసకలోంచి లేవదీశాను.

ట్రుఫీనాని ఫిబ్రవరిలో ఎక్కడో ఎండిపోయిన ఉత్తరపు జిల్లాకి బదిలీ చేశారు. వెళ్లేముందు అవీనోకి చెప్పడానికి ఒడ్డుకి వచ్చింది, దూరం నుంచి చూసి వెనక్కి తిరిగింది. నేను పొమ్మని తోశాను, వెళ్లలేకపోయింది. ఎనిమిదో తరగతి మళ్లీ రందికి గారి చేతికొచ్చింది. పక్క గదిలోంచి బంగారు నాణెం మళ్లీ వినిపిస్తోంది. నిరుడు ఒకుముని మోసుకెళ్తుంటే నడిచిన పిల్లలే అందులో సగం మంది. చాలా శ్రద్ధగా వల్లె వేస్తున్నారు.

మొన్న చేపలకి వెళ్లాను. సిప్రోసా సంతకెళ్లింది. అవీనో ఒక్కతే ఉంది, తల్లిలాగే నడుం వంచి ఒమెనా తిప్పుతోంది. చేతులు అప్పుడే పొలుసులు పట్టి మెరుస్తున్నాయి. నన్ను చూసి లేచి నిలబడింది, బళ్లో నిలబడ్డట్టే.

"కూర్చోవే, ఇదేం తరగతా" అన్నాను.

కూర్చుంది. డబ్బా తీసి చేపలు కొలుస్తూ అడిగింది.

"టీచర్, ఒకటి అడగనా? మేం అబద్ధం రాశామన్నారంట కదా. అంటే మా అన్న అనేవాడే లేడనా?"

ఉన్నాడన్నారే, వాళ్ల లెక్కలో బతికే ఉన్నాడన్నారే అని ఆ పిల్లకి ఎలా చెప్పను? "వాళ్లకి మన ఊరు తెలీదమ్మా" అన్నాను.

"ఆ కాయ గురించి రాయకపోతే నమ్మేవాళ్లా?"

"ఏమో."

"ఇల్లు కాలిపోయినట్టు రాసుంటే పాసయ్యేదాన్నా?"

నాకు అబద్ధం చెప్పడం చేతకాదు. ఆ పూటకి చేతనైతే బావుండేది. "అయ్యేదానివి" అన్నాను.

తల ఊపింది. కోపం లేదు, ఏడుపు లేదు. డబ్బా మీద ఎక్కువైన చేపల్ని అరచేత్తో సరిచేసి నా సంచిలో పోసింది, పైన ఇంకో గుప్పెడు వేసింది.

"నాకు అది ఇంకా నోటికొచ్చు టీచర్" అంది. నేను అడక్కుండానే, చేపలు తిప్పుకుంటూ, ఎక్కడా తడబడకుండా మొదలుపెట్టింది. ఆనాటి ఉదయం సూర్యుడు బంగారు నాణెంలా తూర్పున మెరిశాడు. పక్షులు తీయని రాగాలు తీశాయి. విధి నాకోసం ఏమి దాచిందో నేనెరుగను. ఇల్లు మొత్తం కాలిపోయేదాకా అప్పగించింది, ఒక్క మాట పొల్లుపోలేదు. నేను సంచి పట్టుకుని ఆఖరిదాకా నిలబడి విన్నాను.